ఆరో కెమెరాలో కుక్క

బళ్ళారి కౌల్ బజార్‌కు వచ్చి హనోకు దుకాణం ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. సగం హనోకు దుకాణం అనండి, చేయి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి దించిపోతారు. ఆ పేరు పెట్టింది శత్రువులు కాదు. అతనికి శత్రువులంటూ లేరు. ఉన్నదంతా మూత తీసిన రేడియోలు, ముందు భాగం ఒక గోడ దగ్గరా వెనక భాగం ఇంకో గోడ దగ్గరా ఉన్న టీవీలు, వాటిని వారానికోసారి వచ్చి పలకరించి వెళ్ళే వాటి యజమానులు.

మనిషి చేతకానివాడు మాత్రం కాదు. పాడైన వస్తువు చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మూత విప్పి, రెండు చోట్ల తాకి, జబ్బు ఎక్కడుందో కచ్చితంగా చెప్పేస్తాడు. చిక్కంతా అక్కడే. జబ్బు తెలిసేదాకా అతనికి అన్నం నీళ్ళు అక్కర్లేదు. తెలిసిన మరుక్షణం ఆ వస్తువు మీద మోజు తీరిపోతుంది. తెలిసిన సంగతిని టీ కొట్టులో కూర్చున్నవాళ్ళకూ, ఎదురు దుకాణం వాళ్ళకూ, జనంలో ఇరుక్కుని ఆగిన ఆటోవాళ్ళకూ పూసగుచ్చినట్టు చెబుతాడు. అలా చెప్పడంతో అతని లెక్కలో పని అయిపోయినట్టే. ఇక విప్పినదాన్ని మళ్ళీ బిగించడమంటే, తిన్న విస్తరి ఎత్తమన్నంత నీరసం.

మిషన్ గుడిలో, అంటే చర్చిలో, మైకు సెట్టు సంగతే తీసుకోండి. గుడిలో కుడివైపు మగవాళ్ళు కూర్చుంటారు, ఎడమవైపు ఆడవాళ్ళు. మగవాళ్ళ వైపు స్పీకరు గరగరమంటోందని హనోకు దాన్ని దించి దుకాణానికి తెచ్చాడు. లోపమేదో పది నిమిషాల్లో పట్టేశాడు. ఆ తర్వాత రెండేళ్ళుగా ఆ స్పీకరు దుకాణంలో అటక మీద ఉంది, గుడిలో ప్రసంగం ఆడవాళ్ళకు మాత్రమే వినిపిస్తోంది. ఈ రెండేళ్ళలో మగవాళ్ళు ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదన్నది వేరే విషయం.

హనోకు భార్య జయశీల ఆసుపత్రిలో నర్సు. చేతికి తీసుకున్న కట్టు కట్టకుండా వదలని మనిషి. ఆమె మొగుణ్ణి గురించి పదిమందిలో ఒక మాట అనేది: "దేవుడు లోకాన్నంతా ఆరు దినాల్లో చేసినాడు గదా. మా ఆయన్ని ఆరో దినం సాయంత్రం మొదలుపెట్టింటాడు. అంతలోకే ఏడో దినం వచ్చింటాది, విశ్రాంతికి పోయింటాడు." అందరూ నవ్వేవాళ్ళు, హనోకు అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

అయితే ఒకరోజు ఆసుపత్రిలో ఎవరో పెద్ద డాక్టరమ్మ, ఏ దురుద్దేశమూ లేకుండానే, "మీ సగం ఆయన బాగుండారా సిస్టర్?" అని అడిగింది. జయశీల ఇంటికొచ్చి, అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. నవ్వలేదు.

"ఒక్క పని. ఒక్కటంటే ఒక్కటి. ఎవురి దగ్గరన్నా సరే, 'పని పూర్తయింది' అని కాయితం రాపిచ్చుకోని రా. దాన్ని నా బైబిల్లో పెట్టుకుంటా. ఈ సారి ఎవురన్నా సగం అంటే తీసి చూపిస్తా."

ఆ పేరు తగిలేది తనకొక్కడికే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమెకు తగులుతోందని తెలియగానే హనోకు కంచం పక్కకు జరిపాడు. నిజంగానే బాధపడ్డాడు. ఒక్క కాగితం సంపాదించాలని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాడు.

అవి బళ్ళారిలో ఇనుపరాయి బంగారమైన రోజులు. చైనాకు ఎంత తవ్వినా చాలడం లేదు. నిన్నటిదాకా వేరుశనగ పండించిన చేలలో రాత్రికి రాత్రి రాయి కుప్పలు మొలిచాయి. రోడ్డు మీద టిప్పర్లు, టిప్పర్ల మీద దుమ్ము, ఆ దుమ్ము చెట్టు మీదా, గేదె మీదా, ఆరేసిన పంచె మీదా పడి లోకమంతా ఒకే ఎరుపు. బండ్రి ఊరి ఇంద్రసేన అట్లా చేను వదిలి రాయి పట్టినవారిలో ఒకడు. తాతల నాటి రైతు కుటుంబం. ఇప్పుడు ఊరి పక్క పొలంలో రాయి నిలవ చేసే యార్డు, పది టిప్పర్లు, బళ్ళారిలో కొత్త ఇల్లు. తల్లి యశోదమ్మ మాత్రం ఆ ఇంటికి పోనని, బండ్రిలోనే యార్డుకు కూతవేటు దూరంలో పాత ఇంట్లోనే ఉంటోంది.

ఆ ఇంద్రసేన ఒకనాడు మెరిసే కాగితాల కట్ట ఒకటి పట్టుకుని సగం హనోకు దుకాణంలో దిగాడు. పని ఇవ్వడానికి కాదు, ఆ కాగితాలు చదివించుకోవడానికి.

"యార్డులో డీజలు మాయమైతాండాదప్పా. అమాసకొకసారి, పున్నానికొకసారి ట్యాంకులో కడ్డీ పెట్టి చూస్తే తగ్గి ఉంటాది. ఎవురో తెలీదు. కెమెరాలు పెట్టల్ల. బెంగళూరు కంపెనీవాడు వచ్చి ఇది ఇచ్చిపోయినాడు. ఏమన్నా అర్థమైతాందా చూడు."

హనోకు చూశాడు. గుండ్రంగా తిరిగే కెమెరాలు ముప్పై రెండు. వాటికి బీరువా అంత కంప్యూటరు. ఒక్కో కెమెరాకు ఒక్కో అనుమతి కొనాల్సిన సాఫ్ట్‌వేరు.

"ఇంద్రసేనప్పా, మీకు ఏం చూడాలని ఉండాది?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీనే. పక్క యార్డువాళ్ళు ఇరవై నాలుగు పెట్టిచ్చినారు. మనకి ముప్పై రెండన్నా లేకుంటే ఎట్లప్పా?"

హనోకు కళ్ళు మెరిశాయి. ఇక్కడ ఒక జబ్బుంది, అది కెమెరాలది కాదు. స్టూలు లాగి ఇంద్రసేనను కూర్చోబెట్టి, వెనక్కి తిప్పిన కాగితం మీద యార్డు పటం గీయమన్నాడు. ముందు గేటు, లారీలు తూచే కాటా, ఆఫీసు, రాయి కుప్పలు, స్టోరు రూము, డీజిల్ ట్యాంకు, వెనక గేటు. లారీ నంబరూ మనిషి ముఖమూ కనపడాల్సిన చోట్లు లెక్కపెడితే ఆరు తేలాయి. మిగిలిన ఇరవై ఆరూ రాయి కుప్పల్ని చూస్తూ కూర్చుంటాయి.

"తిరిగే కెమెరా వద్దు. అది పెళ్ళికొచ్చిన చుట్టం మాదిరి, చూడాల్సిన పొద్దుకి ఇంకో దిక్కు చూస్తాంటాది. కదలకుండా నిలబడి ఒక్క గేటునే చూసేది కావాల. ఐపీ కెమెరా అంటే ఒక్కోటీ ఒక్కో చిన్న కంప్యూటరు. దేనికి దానికే అడ్రసు ఉంటాది."

"కెమెరాకి అడ్రసా? నా యార్డుకే సరిగ్గా అడ్రసు లేదు గదప్పా!"

"రంగుల కోసం ఎక్కువ పెట్టద్దు. ఆడ ఉండేది ఒగటే రంగు. ఆ పెట్టేదేదో గాజు మీద, రబ్బరు బిగింపు మీద పెట్టండి, దుమ్ము దూరకుండా. కంప్యూటరుకి లైట్లు వెలగాల్సిన పన్లేదు, పదైదు దినాల బొమ్మలు దాచుకునేంత కడుపు ఉంటే సాలు."

ఇంద్రసేన తన కొత్త డబ్బు మనసు చంపుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి ముప్పై రెండు నుంచి ఆరుకు దిగాడు గానీ, ఆ ఆరూ పక్క యార్డు వాటికంటే లావుగా కనపడాలని షరతు పెట్టాడు. పని హనోకుకే ఇచ్చాడు. హనోకు తన షరతు తాను పెట్టాడు: అయిపోయాక 'పని పూర్తయింది' అని యార్డు ముద్రతో కాగితం రాసివ్వాలి. ఇదేం పిచ్చి కోరికని ఇంద్రసేన నవ్వి, సరేనన్నాడు.

అప్పటినుంచి నెలపాటు హనోకు రోజూ బస్సెక్కి బండ్రి పోయాడు. జయశీల ఆశ్చర్యంతో రోజూ క్యారియర్ కట్టింది. కంప్యూటరు ఫ్యాను నోట్లోకి దుమ్ము పోకుండా జయశీల పాత నైలాను చీర ముక్క కట్టాడు. సాఫ్ట్‌వేరు దగ్గర మాత్రం మనసు రెండుగా చీలింది. డబ్బు పెట్టి కొనేది ఒకటి ఉంది, ఉచితంగా దొరికేది ఒకటి ఉంది. ఏదైనా కదిలితేనే రికార్డు చేసి కూత పెట్టే సదుపాయం రెండింట్లోనూ ఉంది. మొదటిరోజున, డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు దుమ్ము కదిలినప్పుడల్లా దొంగ వచ్చాడని కూసి, ఆ యార్డులో దుమ్ము కదలని క్షణం లేదు గనుక, సాయంత్రం దాకా కూస్తూనే ఉంది. ఎక్కడ కదిలితే కూయాలో, ఎక్కడ కదిలినా నోరు మూసుకోవాలో దానికి గడి గీసి నేర్పాడు. ఉచితంది అంత గోల చేయలేదు గానీ, అడిగితే సమాధానం చెప్పేవాళ్ళు లేరు. కొన్నదాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో, ఉచితదాన్ని స్టోరు రూములో తన పాత కంప్యూటర్‌లో పెట్టి, ఏది మేలో తర్వాత తేల్చుదామనుకున్నాడు.

ఐదు కంబాల మీద ఐదు కెమెరాలు ఎక్కాయి. ఆఫీసు తెర మీద ఐదు గళ్ళలో ఐదు బొమ్మలు నిక్షేపంగా వచ్చాయి. ఆరో కంబం వెనక గేటు దగ్గర. దాని మీద కెమెరా బిగించి, తీగ లాగి కలిపితే పది నిమిషాలు బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. గేటు, గేటు పక్కన నీడలో నిద్రపోతున్న ఒక కుక్క. పదకొండో నిమిషం బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

హనోకు పూనకం వచ్చినవాడిలా రెండు రోజులు వెతికాడు. మూడో రోజు టేపు పెట్టి తీగ కొలిచాడు. నూట ఇరవై రెండు మీటర్లు! ఈ రకం తీగలో వంద మీటర్లు దాటితే బొమ్మకు ఓపిక చాలదు. అదీ జబ్బు. మధ్యలో ఒక పెట్టె పెట్టి, దానికి కరెంటు ఇచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ బొమ్మను తోస్తే సరిపోతుంది. ఈ సంగతి బండ్రి టీ కొట్టులో అందరికీ వివరంగా చెప్పాడు. చెప్పేశాక, మీకు తెలిసిందే కదా, ఆ పెట్టె మీద మోజు తీరిపోయింది.

ఆరో కెమెరాను కిందికి దించి, ట్యాంకూ వెనక గేటూ కనపడే స్టోరు రూము కిటికీలో పెట్టి, తన పాత కంప్యూటర్‌కు తగిలించాడు. కంబం మీద కెమెరా ఖాళీ డబ్బా మాత్రం ఉంచాడు. ఇంకో రెండు రోజుల్లో ఎక్కిద్దాం అనుకున్నాడు. అంతదాకా ఆఫీసు తెర మీద ఆరో గడి నల్లగా ఉంటే బాగుండదని, ఆ రోజు వచ్చిన పది నిమిషాల బొమ్మనే మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టాడు.

రెండు రోజులు మూడు వారాలయ్యాయి. ఆరో గడిలో కుక్క నిద్రపోతూనే ఉంది. పది నిమిషాలకొకసారి ఎడమ చెవి విదిలించేది, అంతే. బయట వాన కురిసినా ఆ గడిలో ఎండ కాసేది. చీకటి పడితే కూడా అక్కడ మధ్యాహ్నమే. అదృష్టం బాగుండి ఇంద్రసేన పొద్దు గూకకముందే బళ్ళారి వెళ్ళిపోయేవాడు. పైగా అతనికి ఆ కుక్క మీద మక్కువ కలిగింది. వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

"చూడప్పా, నా యార్డులో భయం లేదని దానికి కూడా తెలిసిపోయింది. ఎంత నిమ్మళంగా పండుకోనుండాదో!"

హనోకు తల గోక్కునేవాడు.

ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే హనోకు యార్డుకు పోయేసరికి ఇంద్రసేన కొత్త చొక్కాలో ఉత్సాహంగా ఉన్నాడు. ఆరూ అయిపోయాయా అని అడిగాడు. నిజం చెప్పడానికి హనోకు నోరు తెరిచాడు. ఆ క్షణాన కళ్ళ ముందు జయశీల బైబిలు మెదిలింది. రేపు వచ్చి ఆ పెట్టె పెట్టేస్తే ఇది అబద్ధమెట్లా అవుతుంది, ఒక్కరోజు ముందు చెప్పిన నిజమవుతుంది కదా అనుకున్నాడు.

"ఆరూ అయిపోయినాయప్పా."

ఇంద్రసేన కాగితం మీద 'ఆరు కెమెరాల పని పూర్తయింది' అని రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. హనోకు భోజనానికి కూడా ఆగకుండా బస్సెక్కాడు. జయశీల ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది.  మడత పడకుండా బైబిల్లో పెట్టుకుని, ఆ పూట కోడి కూర వండింది. ఆ కూర హనోకుకు రుచించలేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఫోను మోగింది.

"హనోకప్పా, బిరాన రా! నీ కెమెరాలన్నిటికీ కండ్ల కలక వచ్చింది!"

వెళ్ళి చూస్తే నిజమే. ఆఫీసు తెర మీద ఐదు గళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఒక్కో గడి నడిమధ్యలో అరచేతి వెడల్పున ఎర్రటి గుండ్రం, దానికి అడ్డంగా మూడు తెల్లటి పట్టీలు. హనోకు బయటికొచ్చి తలెత్తి కంబాల వైపు చూశాడు. ప్రతి కెమెరాకూ గాజు మీద విభూతి పట్టీలు, వాటి నడుమ కుంకుమ బొట్టు, మెడలో చామంతి దండ.

ఇది యశోదమ్మ పని. ఆయుధపూజ నాడు ఆ ఇంట్లో పూజకు నోచుకోని వస్తువు ఉండదు. టిప్పర్లు, కాటా, జనరేటరు, కాగితాలు గుచ్చే మిషనుతో సహా అన్నిటికీ బొట్టు పెట్టించింది. కొత్తగా వచ్చిన కెమెరాలను వదులుతుందా? కాపలా వెంకటరామిని నిచ్చెన ఎక్కించింది. యాడ పెట్టల్లవ్వా అని అతను పైనుంచి అడిగాడు. మనిషికైతే నుదురుంది. కెమెరాకు నుదురెక్కడిది, ఉన్నదంతా కన్నే. నడిమధ్యలో పెట్టమంది.

ఇంతవరకూ నవ్వుకోదగ్గదే. కానీ అదే పొద్దున ట్యాంకులో కడ్డీ పెట్టి చూస్తే నలభై లీటర్లు తక్కువ. ఇంద్రసేన ముఖం యార్డు దుమ్ము కంటే ఎర్రగా ఉంది. వెంకటరామి తలుపు పక్కన తల దించుకుని నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి.

"నిచ్చెన ఎక్కి కండ్లన్నీ మూసిందెవురు? వీడు. సరే, బయటోడు ఎవుడన్నా వెనక గేటు నుంచి వచ్చినాడేమో అనుకుందాం. ఇదో, ఆరోదాంట్లో చూడు. బొట్టు కారిపోయిందో ఏమో, ఇది ఒగటే శుద్ధంగా ఉండాది. నిన్న దినమంతా ముందుకీ వెనక్కీ తిప్పి చూసినా. ఒగ పురుగు కూడా రాల్యా. కుక్క కూడా లేయల్యా! అంటే దొంగ లోపలోడే. వెంకటరామీ, సాయంత్రం లోపల నిజం చెప్పకుంటే పోలీసుల్ని పిలుస్తా."

"బొట్టు అవ్వ పెట్టమన్న్యాది, పెట్టినా" అన్నాడు వెంకటరామి. డీజిల్ గురించి ఎంత అడిగినా పెదవి విప్పలేదు.

హనోకు ఆరో గడి వైపు చూశాడు. కుక్క ఎడమ చెవి విదిలించింది.  తాను సగంలో వదిలిన పని ఇన్నాళ్ళూ ఒక రేడియోనో, ఒక మిక్సీనో. ఇవాళ ఒక మనిషిని పోలీసుల దగ్గరికి తోస్తోంది. సాక్షి ఎవరంటే మూడు వారాల కిందటి కుక్క.

గాజులు తుడవడానికి గుడ్డ తెస్తానని చెప్పి స్టోరు రూములోకి పోయాడు. కిటికీలో ఆరో కెమెరా అలాగే ఉంది. దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు, అది కెమెరా అని అక్కడ ఎవరికీ తెలియదు కదా. పాత కంప్యూటరు తెరిచి నిన్నటి మధ్యాహ్నానికి తిప్పాడు.

అందరూ ముందు షెడ్డులో ఓళిగల, అంటే బొబ్బట్ల, భోజనం చేస్తున్న సమయం. వెనక గేటు తెరుచుకుంది. రైతులు ఎనిమిది మంది, వరసగా, చంకలో తువ్వాళ్ళతో. ట్యాంకు దగ్గర వెంకటరామి డబ్బాలు నింపుతున్నాడు. పక్కన పట్టుచీరలో యశోదమ్మ. ఒక్కొక్కరికీ ఆకూ వక్కా అరటిపండూ పెట్టి, ఐదు లీటర్ల డబ్బాకు కూడా బొట్టు పెట్టి, చేతికిస్తోంది.

హనోకు నోరు వెళ్ళబెట్టాడు. జబ్బు తెలిసింది! ఎప్పట్లా అయితే ఈపాటికి బండ్రి టీ కొట్టు వైపు పరుగు తీసేవాడు. ఈసారి కదల్లేదు. వెనకాలే వచ్చిన వెంకటరామి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చూస్తివా అప్పా" అన్నాడు అతను మెల్లగా. "అవ్వ పేరు మటుకు చెప్పద్దు. నన్ను పట్టుకోని పోతే పోనీ. అవ్వని కొడుకు ముందర దొంగగా నిలబెట్టేది నాతో కాదు."

హనోకు కాసేపు ఆ తెర వైపు, కాసేపు వెంకటరామి చెప్పులు లేని కాళ్ళ వైపు చూశాడు. తర్వాత లేచి నేరుగా ఆఫీసులోకి పోయాడు.

"ఇంద్రసేనప్పా, ఆ కుక్క నిన్నటి కుక్క గాదు."

"ఏంది?"

"మూడు వారాల కిందటి కుక్క. ఆరో కంబం మీద ఉండేది ఖాళీ డబ్బా. తీగ చాల్లేదు. నేను సగంలో ఇడిచిపెట్టి, ఆ పది నిమిషాల బొమ్మనే తిప్పుతాండా. ఆ బొమ్మ పెట్టుకోని వెంకటరామిని ఏమీ అనద్దు. నిన్న నాకు ఇచ్చిన కాయితం అబద్ధం కాయితం. రేపు తెచ్చి ఇచ్చేస్తా."

 ఇంద్రసేనకు మాత్రం ముందు కుక్క దగ్గరే ఆగిపోయింది బుద్ధి. మూడు వారాలుగా వచ్చినవాళ్ళందరికీ తాను చూపించిన కుక్క!

"అయితే మొన్న తాసిల్దారుకి నేను చూపించింది..."

"అదీ అదే కుక్క."

"నిన్ను సగం హనోకు అంటే ఏమో అనుకుంటి గదప్పా!" ఇంద్రసేన కుర్చీ తోసి లేచాడు. "మరి నిజమైన కెమెరా యాడుండాది? నిన్న అది ఏం చూసింది?"

హనోకు పలకలేదు. అతని జీవితంలో తెలిసిన సంగతి చెప్పకుండా నిలబడటం అదే మొదటిసారి. ఎట్లా నిలబడాలో కూడా తెలియక చేతులు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు.

ఆ వాదులాటలోకే యశోదమ్మ వచ్చింది, నిన్నటి ఓళిగల గిన్నెలు తీసుకుపోదామని. గుమ్మంలోనే అంతా విన్నది. వెంకటరామి ముఖం చూసింది. గిన్నెలు కింద పెట్టింది.

"నేను చూస్తాపా. యాడుండాదో చూపీ."

ముగ్గురూ ఆమెను వెంటబెట్టుకుని స్టోరు రూముకు నడిచారు. హనోకు బొమ్మ నడిపించాడు. తెర మీద తనను తాను యశోదమ్మ ఎప్పుడూ చూసుకోలేదు. వంగి, కళ్ళు చిట్లించి చూసింది.

"ఇది నేనేనా? ఇంత ముసిల్దాన్నైపోతినా! చీర మటుకు బాగా కనపడతాంది." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇదో, మీ దొంగ దొరికింది. నిన్న ఒగ దినమే గాదు. కెమెరాలు రాకముందు అమాసకొకటి, పున్నానికొకటి, అన్నీ నేనే."

"నువ్వేందమ్మా!" అన్నాడు ఇంద్రసేన.

"మీ నాయన ఉన్నన్నాళ్ళూ ఆయుధపూజ దినం మన బాయి ఇంజనుకి పూజ చేసి, చుట్టుపక్కల చేన్లకి ఒగ పూట నీళ్ళు ఇడుస్తాండ్య. ఎవురు అడిగినా లేదనల్యా. ఆ బాయి ఇప్పుడు యాడుండాది? నీ రాయి కుప్ప కింద ఉండాది. నీళ్ళు ఇచ్చేదానికి లేదు. కరెంటు సరిగ్గా రాదు, నీ దుమ్ము పడి వాళ్ళ పైర్లు ఎర్రగైనాయి. ఇంజన్లకి డీజలన్నా ఇస్తామని ఇచ్చినా."

"నన్ను అడిగింటే నేను ఇయ్యనా?"

"ఇస్తావు నాయనా. షామియానా ఏపిచ్చి, మైకు పెట్టిచ్చి ఇస్తావు. ఒగొగుని పక్కన నిలబడి, డబ్బా పట్టుకోని ఫొటో తీపిచ్చుకుంటావు. వాళ్ళు నీతో గోలీలాడినోళ్ళు. వాళ్ళ ముఖాలు పేపర్లో పడాల్నా?"

ఇంద్రసేన తెర వైపు చూశాడు. వరసలో నాలుగోవాడు అరటిపండు కళ్ళకద్దుకుని డబ్బా అందుకుంటున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ ఎడ్లబండి మీదే ఇంద్రసేన బడికి పోయేవాడు.  ఇంద్రసేన కళ్ళు తడిశాయి. దుమ్ము పడిందని అతను అన్నాడు గానీ, స్టోరు రూము కిటికీ అద్దం మూసే ఉంది.

కాసేపటికి వెంకటరామి దగ్గరికి పోయి భుజం మీద చేయి వేశాడు. "తప్పైపోయిందిలే, వెంకటరామీ" అన్నాడు. తర్వాత హనోకు వైపు తిరిగాడు.

"ఈ కెమెరా పైన ఎక్కించద్దు."

"మధ్యలో ఒగ పెట్టె పెడితే అయిపోతాదప్పా. ఈ సారి ఒట్టు, ఇప్పుడే..."

"ఎక్కించద్దంటి గదా. ఆఫీసులో ఆ గడి అట్లే ఉండనీ. ఆ కుక్కని లేపద్దు." తల్లి వైపు చూశాడు. "వెనక గేటు నేను చూడాల్సిన పన్లేదు. చూసేటోళ్ళు మా అమ్మ ఉండాది."

యశోదమ్మ గిన్నెలు ఎత్తుకుంటూ, వచ్చే ఏడాది కెమెరాల కన్ను వదిలేసి పై డబ్బా మీద బొట్టు పెట్టిస్తానని పెద్దమనసుతో ఒప్పుకుంది.

హనోకు ఐదు కెమెరాల గాజులూ తుడిచి, పాత కంప్యూటరు సంచిలో సర్దుకుని బయల్దేరుతుంటే ఇంద్రసేన పిలిచి కొత్త కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. హనోకు బస్సులో దాన్ని విప్పి చూసుకున్నాడు, బళ్ళారి వచ్చేలోపు ఇంకో నాలుగుసార్లు చూసుకున్నాడు.

ఇంట్లో జయశీల బైబిల్లోంచి పాతది తీయించి, అది అబద్ధమని చెప్పి చించేశాడు. ఆమె ముఖం పాలిపోయింది. కొత్తది అందించాడు. ఆమె పైకి చదివింది: "ఆరు కెమెరాల పని పూర్తయింది, కుక్కతో సహా." కింద సంతకం, యార్డు ముద్ర.

"కుక్క ఏంది?"

"ఆరో కెమెరాలో ఉండాది. తీగ నూట ఇరవై రెండు మీటర్లు..." అని మొదలుపెట్టి, ఖాళీ డబ్బా గురించీ, తిప్పిన బొమ్మ గురించీ, తాను ఒప్పుకున్నదాని గురించీ అంతా చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు.

"మరి డీజలు ఎవురు తీసింది? సగమే చెప్తాండావు."

"మిగతా సగం నాది గాదు, జయశీలా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మనిషి కడుపులో ఒక సంగతి నిలబడటం ఆమె చూడలేదు. ఇంక అడగలేదు. కాగితం మడత పడకుండా బైబిల్లో పెట్టుకుంది.

మర్నాడు హనోకు దుకాణంలో అటక మీంచి గుడి స్పీకరు దించాడు. ఆ ఆదివారం మగవాళ్ళ వైపు స్పీకరు ఖంగున మోగింది. రెండేళ్ళ తర్వాత గంటన్నర ప్రసంగం ఒక్క ముక్క పోకుండా విన్న మగవాళ్ళు బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, వీడు సగంగా ఉన్నప్పుడే నయమని గొణుక్కున్నారు.